వరండాలో చదివిన సువార్త

మా సంఘంలో స్త్రీల కూడిక నెలకోసారి జరుగుతుంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి భార్య నన్ను గేటు దగ్గర ఆపి, "ఈసారి వాక్యం మీరు చెప్పాలండీ," అన్నారు. నావల్ల కాదన్నాను. ఆవిడ వినలేదు.

"కాలేజీలో అన్నేళ్ళు పాఠాలు చెప్పారు. మాకో అరగంట చెప్పలేరా?"

పాఠం చెప్పడం వేరు, వాక్యం చెప్పడం వేరు అని ఆవిడకి ఎలా వివరించను? నేను తెలుగు లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. రచయిత కథను ఎక్కడ మొదలుపెట్టాడు, ఎక్కడ ఆపాడు, ఏ మాట దాచాడు అన్నది పిల్లలకి చెప్పడానికి శ్రద్ధ ఉంటే చాలు. వాక్యం చెప్పేవాళ్ళకి అంతకంటే ఎక్కువేదో ఉండాలి. నాకు అది ఉందో లేదో నాకే తెలియదు. అప్పటికి ఏడేళ్ళుగా నాకు ప్రార్థన రావడం లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆదివారం తప్పకుండా వెళ్ళేదాన్ని, మూడో బెంచీలో కూర్చునేదాన్ని, అందరితో పాటు పాడేదాన్ని. కళ్ళు మూసుకోమంటే మూసుకునేదాన్ని. ఆ మూసిన కళ్ళ వెనక ఏమీ ఉండేది కాదు.

అమ్మ పోయినప్పటి నుంచీ అంతే.

నేను పెళ్ళి చేసుకోలేదు. భవానీపురంలో ఈ ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. అమ్మకి లివర్ పాడై నాలుగు నెలలు మంచం మీద ఉంది. నాకు ఒక్కతే చెల్లెలు, బందరులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మొదటి నెలలో రెండుసార్లు వచ్చింది. తర్వాత రావడం మానేసింది. ఫోన్ చేస్తే డ్యూటీ అనేది. చివరి వారమంతా రోజూ ఫోన్ చేశాను. "రేపొస్తానక్కా," అనేది. ఆ రేపు రాలేదు. నర్సయి ఉండి కన్నతల్లి దగ్గరికి రాకపోతే ఇంకెవరొస్తారు? అమ్మకి పక్క మార్చడం, నోట్లో చెంచాతో నీళ్ళు పోయడం, అన్నీ తెలిసీ తెలియక నేనే చేశాను.

సమాధి కార్యక్రమం రోజున పెట్టె లోపలికి దించేశాక వచ్చింది. అందరూ గుప్పెళ్ళతో మట్టి వేస్తున్నారు. నా పక్కకి వచ్చి నిలబడి నా చెయ్యి పట్టుకోబోయింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. బంధువులు, సంఘం వాళ్ళు, మా కాలేజీ వాళ్ళు అందరూ చూస్తుండగా, "ఎవరు నువ్వు? నాకు చెల్లెలు లేదు," అన్నాను. తను హ్యాండ్‌బ్యాగు గుండెలకి హత్తుకుని గేటు వైపు నడిచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నెల రోజుల్లో రెండుసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. మూడోసారి చెయ్యలేదు.

దేవుడితో మాట్లాడలేని ఆ రోజుల్లో నేను కథలు చదువుకున్నాను. గవర్నర్‌పేటలో పుస్తకాల షాపులకి వెళ్ళి సంచీ నిండా తెచ్చుకునేదాన్ని. కథల్లో మనుషులు తప్పు చేస్తే నాకు జాలి వేసేది. పెళ్ళాన్ని వదిలేసి పోయినవాడు, అన్నని మోసం చేసినవాడు, చివరికి హత్య చేసినవాడు కూడా, నాలుగు పేజీలు చదివేసరికి అర్థమయ్యేవాడు. పాపం, వాడి పరిస్థితి అలాంటిది అనుకునేదాన్ని. మా చెల్లెలి పరిస్థితి ఏమిటని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. అంత చదువూ ఆ ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎందుకూ పనికిరాలేదు.

ఇలాంటి మనిషిని వాక్యం చెప్పమన్నారు.

సువార్తలో సరస్సు ఒడ్డు కథ ఎంచుకున్నాను. రాత్రంతా వేటాడి ఏమీ దొరకని జాలరి, తెల్లారాక ఒడ్డుకి వచ్చిన గురువు, మళ్ళీ పడవ లోతుకి తీసుకెళ్ళమనడం, వల నిండా చేపలు. చిన్నప్పుడు సండే స్కూల్లో బొమ్మలతో విన్న కథ. అందరికీ తెలిసిందే కాబట్టి కష్టపడక్కర్లేదనుకున్నాను. అయినా పాఠానికి ముందు పైకి చదువుకోవడం నాకు అలవాటు. బుధవారం పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని పైకి చదవడం మొదలుపెట్టాను.

బుధవారం, ఆదివారం మా వీధికి చేపలమ్మ వస్తుంది. అరవై ఏళ్ళు దాటిన మనిషి. కొల్లేటి లంకల్లో పుట్టింది, అక్కడే కాపురం చేసింది. చేపల చెరువులు వచ్చి సరస్సులో వేట తగ్గిపోయాక భర్తతో కలిసి బెజవాడ వచ్చేసింది. ఆయన పోయాడు. ఈవిడ తెల్లవారుజామునే మార్కెట్టులో చేపలు కొని, బేసిన్ నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. మా మెట్ల మీద కత్తిపీట వేసుకుని కూర్చుని, నాకు అరకిలో కొర్రమీను బూడిదతో తోమి, కోసి, కడిగి ఇస్తుంది. ఆ రోజు ఆవిడ పని ఆవిడ చేసుకుంటోంది, నా చదువు నేను చదువుకుంటున్నాను. వింటోందని నాకు తెలియదు.

"ఆగండాగండి మేడంగారూ," అంది ఉన్నట్టుండి. "వలలు కడుక్కుంటన్నారన్నారా?"

"అవునమ్మా. ఒడ్డుకి వచ్చి వలలు కడుగుతున్నారు."

"కడిగేశాక ఆయనొచ్చి మళ్ళీ వెయ్యమన్నాడా?"

"అవును."

చేప కత్తిపీట పక్కన పెట్టేసింది. "ఎంత మాటన్నాడండీ!"

నాకు నవ్వొచ్చింది. లెక్చరర్ గొంతుతో చెప్పాను. "రాత్రంతా శ్రమపడ్డారు కదమ్మా, ఏమీ పడలేదు. విసుగు మీద ఉన్నారు. అయినా ఆయన మాట విన్నారు. అదీ విషయం."

"విసుగు కాదండీ," అంది ఆవిడ. "విసుగు ఎప్పుడూ ఉండేదే. మీకు వల కడగటం అంటే తెలీదు. చేపలు పడినా పడకపోయినా వల నిండా నాచు, గుర్రపుడెక్క వేళ్ళు, నత్తలు. ఒక్కో కన్నూ చూసుకుంటా ఏరాల. చేతులు నానిపోయి తెల్లగా పాలిపోతయ్యి. నడుం ఎత్తలేం. కడిగి ఆరేశామంటే ఇంక ఆ రోజుకి అయిపోయినట్టే. ఆ కడిగిన వల మళ్ళీ నీళ్ళలో ఏస్తే మళ్ళీ అంతా మొదటికొచ్చిద్ది. చేపలు పడకపోతే ఊరికే ఇంకోసారి కడుక్కోవాల."

నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను.

"మా ఆయన ఒకసారి అట్టాగే కడిగి ఆరేసుకున్నాడు. అప్పుడే పెళ్ళోరి మనిషొచ్చి చేపలు కావాల, మళ్ళీ ఎళ్ళమన్నాడు. ఆ రోజు ఇంట్లో బియ్యం గింజ లేదు. అయినా మా ఆయన చంపినా ఎళ్ళనన్నాడు. ఎళ్ళలేదు కూడా." నా వైపు తిరిగి అడిగింది. "మరి మీ పడవాయన ఎళ్ళాడా?"

"వెళ్ళాడు."

"చేపలు పడ్డయ్యా?"

"వల పిగిలిపోయేటన్ని పడ్డాయి."

"పడకపోయినా ఆయన గొప్పోడేనండీ," అని మళ్ళీ చేప చేతిలోకి తీసుకుంది.

యాభై ఏళ్ళకి పైగా ఆ కథ నాకు తెలుసు. మంచి కథలో ఊరికే వచ్చిన వాక్యం ఉండదని వందలమంది పిల్లలకి చెప్పాను. అయినా ఆ వలలు కడగడం దగ్గర ఒక్కసారీ ఆగలేదు. నా దృష్టంతా చేపల మీదే. అద్భుతం చేపల దగ్గర జరిగిందనుకున్నాను. ఈవిడ దృష్టిలో అది అంతకుముందే, ఆ మనిషి ఆరబోయే వలని మళ్ళీ పడవలోకి ఎత్తుకున్నప్పుడే జరిగిపోయింది.

కూడికలో అదే చెప్పాను, ఎవరు చెప్పారో కూడా చెప్పాను. నేను తయారు చేసుకున్న మిగతా పాయింట్లన్నీ వదిలేశాను. అయ్యాక పెద్దావిడ ఒకరు దగ్గరికి వచ్చి, "ఆ చేపలావిడ ప్రభువుని నమ్ముకుందా?" అని అడిగారు. లేదండీ, కొండ మీద అమ్మవారికి మొక్కుకుంటుంది, ఏటా కొల్లేటికోట జాతరకి వెళ్తుంది అన్నాను. "మరి మీరు చెప్పాలి కదమ్మా," అన్నారావిడ. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. నేను తలూపాను గానీ, ఆ వరండాలో ఎవరు ఎవరికి చెబుతున్నారో నాకే సరిగ్గా తెలియలేదు.

తర్వాత ఆదివారం చేపలమ్మ బేసిన్ దించుతూనే, "ఆ పడవాయన తర్వాత ఏమయ్యాడండీ?" అని అడిగింది. టీవీ సీరియల్ గురించి అడిగినట్టే అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. పడవా వలా వదిలేసి గురువు వెంట తిరిగాడన్నాను. "పెళ్ళాం ఏమందో," అంది. అత్తగారికి జ్వరం వస్తే గురువే వచ్చి తగ్గించాడన్నాను. "అయితే పర్లేదు," అంది. అలా రెండు మూడు వారాలు నడిచింది. ఆవిడ చేప కోసేంత సేపట్లో ఎంత చెప్పగలిగితే అంత.

ఒక బుధవారం గురువుని పట్టుకుపోయిన రాత్రి దగ్గరికి వచ్చాం. వాకిట్లో మంట, చుట్టూ చలి కాచుకుంటున్న మనుషులు, వాళ్ళ మధ్య ఈ పడవాయన. పనిపిల్ల ఒకతి గుర్తుపట్టి, నువ్వూ ఆయనతో ఉన్నవాడివే కదా అంది. అంతవరకూ గడగడా చెప్పుకొచ్చాను. "అప్పుడతను, ఆయనెవరో నాకు తెలియదు అన్నాడు," అని చెప్పబోయి సగంలో ఆగిపోయాను.

చేపలమ్మ తలెత్తి చూసింది. "ఏంటండీ?"

"ఏం లేదు. తెలియదన్నాడు. ముగ్గురు అడిగితే మూడుసార్లూ తెలియదన్నాడు."

"ఛీ," అంది.

ఆ ఛీ నాకు తగిలింది. స్మశానంలో నేనన్న మాట అదే. ఏడేళ్ళుగా మా ఇద్దరి కథలో అన్యాయం జరిగింది నాకేనని, తప్పు చేసింది తనేనని అనుకుంటూ వచ్చాను. అందరి ముందూ రక్తసంబంధాన్ని కాదన్నది నేను. ఆ పని చేసిన మనిషి ఇదే పుస్తకంలో ఉన్నాడని, అతని గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నానని నాకు తట్టనే లేదు.

"తర్వాత?" అంది చేపలమ్మ.

మిగతాది ఎలాగో పూర్తి చేశాను. గురువుని చంపేశారు. మూడో రోజున లేచాడు. పడవాయన సిగ్గుతో మళ్ళీ చేపల వేటకి వెళ్ళిపోయాడు. ఒక తెల్లవారుజామున ఒడ్డు మీద ఎవరో నిప్పులు రాజేసి, చేపలు కాలుస్తూ కనిపించారు. చూస్తే గురువే.

"తిట్టాడా?"

"లేదు. వచ్చి తినమన్నాడు."

"ముందు తిండి పెట్టాడా?"

"ముందు తిండే పెట్టాడు. తిన్నాక, నేనంటే నీకు ఇష్టమేనా అని అడిగాడు. అది కూడా మూడుసార్లు అడిగాడు."

ఆవిడ చేప ముక్కలు గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, చాలాసేపు కడిగింది. "ఆకలి మీద ఉన్నోణ్ణి నిలేస్తే ఏం చెప్తాడండీ? అబద్ధమే చెప్తాడు. ఆయనకి మనుషుల సంగతి తెలుసు," అంది. బేసిన్ నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. మా చెల్లెలి విషయం ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ శనివారం పొద్దున బందరు బస్సెక్కాను. ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఎత్తదేమోనని ఒక భయం, ఎత్తుతుందేమోనని ఇంకో భయం. కంకిపాడు దాటేవరకూ ఏం మాట్లాడాలో మనసులో వాక్యాలు కూర్చుకున్నాను. "నిన్ను క్షమించాను" అన్నది మొదటి వాక్యం. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్లు అడ్డం వచ్చి బస్సు ఆగిపోయింది. అలా ఆగి ఉన్నప్పుడు ఆ వాక్యం మళ్ళీ అనుకుని చూస్తే రోత పుట్టింది. క్షమాపణ అడగాల్సిన మనిషి క్షమించానని చెప్పడమేమిటి? దాన్ని తీసేశాను. దాని స్థానంలో పెట్టడానికి ఇంకో వాక్యం దొరకలేదు.

చెల్లెలే తలుపు తీసింది. తెల్ల యూనిఫారం ఇంకా మార్చుకోలేదు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. నేను చూడని ఏడేళ్ళూ అక్కడే కనిపించాయి.

"టిఫిన్ చేశావా అక్కా?" అంది.

"లేదు."

"నైట్ డ్యూటీ చేసి ఇప్పుడే వచ్చాను. మినప్పిండి ఉంది. దిబ్బరొట్టె వేస్తాను, కూర్చో."

దిబ్బరొట్టెకి సన్నటి సెగ కావాలి. తొందరపడితే పైన మాడిపోతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. తను పొయ్యి దగ్గర నిలబడింది, నేను వంటగదిలోనే స్టూలు మీద కూర్చున్నాను. మూత కింద నూనె చిటపటలాడుతోంది. మరిదిగారి గురించి గానీ పిల్లాడి చదువు గురించి గానీ అడగొచ్చు. అడగలేకపోయాను. రొట్టె తిరగేసి, రెండోవైపు కాలాక, నాలుగు ముక్కలు చేసి అల్లం పచ్చడితో నా ముందు పెట్టింది. తనూ ఒక ముక్క తీసుకుంది.

ఒక ముక్క తిన్నాక, "స్మశానంలో నేనన్న మాట..." అని మొదలుపెట్టాను.

"తిను ముందు," అంది.

తిన్నాను. రాత్రంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషి నాకు వండిపెట్టింది. ఒడ్డు మీద గురువులా పెట్టే మనిషిని నేననుకుని బయల్దేరాను.

చేతులు కడుక్కున్నాక తనే అడిగింది. "నేనెందుకు రాలేదో అడగవా?"

"అడగడానికి రాలేదు."

"అడుగు అక్కా. ఏడేళ్ళ నుంచీ నువ్వు అడుగుతావని చూస్తున్నాను."

"ఎందుకు రాలేదు?"

"వార్డులో నా చేతుల్లో ఎంతమంది పోయారో లెక్కలేదు. కళ్ళు మూస్తాను, గడ్డం కింద గుడ్డ కడతాను, వెళ్ళి టీ తాగుతాను. రెండోసారి వచ్చినప్పుడు అమ్మ కాళ్ళ వాపు చూశాను. చూడగానే ఇంకెన్నాళ్ళో నాకు తెలిసిపోయింది. నువ్వేమో ఇంకా కొత్త మందులు తెస్తున్నావు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, 'నువ్వు నర్సువి కదా, నీకు తెలుసుద్ది, తగ్గుద్దా నాకు?' అని అడిగింది. తగ్గుద్దన్నాను. మళ్ళీ వస్తే మళ్ళీ అడుగుద్ది. నాకు భయమేసిందక్కా. అంతే. డ్యూటీ ఏమీ లేదు. ఆఖరి వారం సెలవు పెట్టి ఈ ఇంట్లోనే కూర్చున్నాను."

సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది! పాత కోపం అంతా ఒక్కసారి గుండెల్లోకి ఎగదన్నింది. నేను ఒక్కదాన్నే అమ్మకి పక్క మారుస్తున్నప్పుడు ఈమె ఈ గోడల మధ్య ఊరికే కూర్చుని ఉంది. లేచి సింకు దగ్గరికి వెళ్ళి, కడగక్కర్లేని ప్లేటు కూడా కడిగాను. నీళ్ళ కింద చేతులు పెట్టుకుని ఆలోచిస్తే ఇంకో సంగతి తోచింది. అమ్మ పోతుందని మా ఇద్దరిలో అన్నాళ్ళూ తెలిసింది తనకి ఒక్కదానికే. నాకు ఆశ ఉంది, పని ఉంది. తనకి రెండూ లేవు.

"నాకు చెప్పాల్సింది," అన్నాను అటు తిరిగే.

"చెబితే నువ్వు పడిపోతావనుకున్నాను."

"పడిపోయేదాన్నేమో. నువ్వు రాకపోవడం తప్పే. నేనన్న మాట ఇంకా పెద్ద తప్పు. అందరి ముందూ అన్నాను. నన్ను క్షమించు."

"నన్నూ," అంది తను.

ఏడుపులు, కౌగిలింతలు ఏవీ లేవు. తనకి నిద్ర ముంచుకొస్తోంది. దివాన్ మీద యూనిఫారంతోనే పడుకుని రెండు నిమిషాల్లో నిద్రపోయింది. నేను ఫ్యాను పెంచి పక్కన కుర్చీలో కూర్చున్నాను. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నప్పుడు ఎలా పడుకునేదో అలాగే పడుకుంది. ఆ క్షణాన నాకు ప్రార్థన వచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. కానీ, చూడు, ఇది చూడు, అని ఎవరికైనా చూపించాలనిపించింది. ఎవరికి చూపించాలి అని వెతుక్కుంటే, ఇన్నేళ్ళూ నేను మాట్లాడటం మానేసిన ఆయనే గుర్తొచ్చాడు. ఆ రోజుకి అంతే.

ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. చెల్లెలు ఇప్పుడు నెలకోసారైనా భవానీపురం వస్తుంది. వచ్చిన ప్రతిసారీ నా బీపీ చూసి తిడుతుంది. సెలవు రోజు సాయంత్రాలు ఫోన్లో ఇద్దరం సువార్త ఒక అధ్యాయం చదువుకుంటాం. తనకి సాహిత్యం అంటే ఆసక్తి లేదు. శైలి, శిల్పం అని నేనేదైనా మొదలుపెడితే, "సరే సరే, తర్వాత ఏమైంది?" అంటుంది. స్వస్థత కథలు వస్తే మాత్రం ఆగి ఆగి చదువుతుంది. కుంటివాడు లేచి నడిచాడంటే, అన్నాళ్ళు వాడని కండరాలు ఎలా పనిచేశాయని అడుగుతుంది. జ్వరమంటే ఏ జ్వరమని అడుగుతుంది.

పోయిన వారం పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథ చదివాం. గుంపులోంచి వెనకగా వచ్చి గురువు వస్త్రపు అంచు ముట్టుకుంటుంది, ఆ క్షణమే ఆమెకి నయమవుతుంది. నేను ఆ అంచు గురించి, ఆమె ఎవరికీ కనబడకుండా రావడం గురించి ఏదో చెబుతున్నాను. ఎప్పటిలా తను మధ్యలో అడ్డురాలేదు.

"ఉన్నావా?" అన్నాను.

"ఉన్నానక్కా. పన్నెండేళ్ళంటే ఆమెకి హిమోగ్లోబిన్ ఎంత ఉండి ఉంటుందో ఆలోచిస్తున్నాను. మా వార్డులో అలాంటివాళ్ళు బాత్రూముకి నడవలేరు, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేసరికి ఆయాసంతో కూలబడతారు. ఆమె ఆ తోపులాటలో అంత దూరం ఎలా నడిచిందక్కా?"

తెలియదనే చెప్పాను. "సరే, ఆ ముక్క ఇంకోసారి చదువు," అంది. పుస్తకం దీపం వెలుతురుకి దగ్గరగా జరుపుకుని, ఈసారి నెమ్మదిగా, మొదటి నుంచీ చదివాను.